రాత్రి చెకింగ్‌లో డిక్కీ తెరవమంటే తెరవాలా? ఫోన్ లాక్ తీసి ఇవ్వాలా?

బెజవాడబుల్లెట్
హైదరాబాద్ నుంచి ఫ్యామిలీతో కార్లో వస్తున్నాం. రాష్ట్ర సరిహద్దు దాటాక ఒకచోట రాత్రిపూట ఆపారు. లైసెన్సు, సీ బుక్, ఇన్సూరెన్స్ అడిగారు, చూపించాను. అంతవరకు ఇబ్బంది లేదు. తర్వాత ఒకాయన కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తీసేసుకున్నాడు. డిక్కీ తెరిపించి బ్యాగుల జిప్పులన్నీ తీయించారు, మా అమ్మ బట్టల బ్యాగుతో సహా. ఇంకొకాయన ఫోన్ లాక్ తీసి ఇమ్మన్నాడు. ఎందుకని అడిగితే "ఏం దాస్తున్నావ్?" అన్నాడు. అయినా నేను ఇవ్వలేదు. చివరికి ఏమీ దొరకలేదు, వెళ్లమన్నారు. చలానా లేదు, చిన్న కాగితం ముక్క కూడా ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక మా బావమరిది "వారెంట్ అడగాల్సింది, నువ్వెందుకు తెరిచావ్" అని క్లాసు. మా నాన్నేమో "పోలీసోళ్లతో మనకెందుకురా" అని. ఇద్దరిలో ఎవరి మాట కరెక్ట్?

కొత్తలైసెన్స్
ఆ టైములో వారెంట్ అడిగి ఉంటే ఈపాటికి మేం నీ బెయిల్‌కి చందాలు పోగేస్తుండేవాళ్లం అన్నా.

పటమటలాయర్
బుల్లెట్ గారూ, మీ నాన్నగారిదీ బావమరిదిదీ సగం సగం కరెక్టే. మీకు జరిగినదాంట్లో మూడు నాలుగు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ఒక్కోదానికి చట్టం ఒక్కోలా ఉంటుంది.

ముందు కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లో 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్సు చూపించాలి. దీనిమీద వాదన పెట్టుకోకండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 139వది 2018 నవంబరులో సవరించారు. అప్పట్నుంచి లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ ఎలక్ట్రానిక్ రూపంలో చూపించినా చెల్లుతాయి. డిజీలాకర్ గానీ ఎం-పరివాహన్ గానీ తెరిచి చూపించండి, గ్యాలరీలో దాచుకున్న ఫొటో కాదు. ఆ సమయానికి ఏదైనా దగ్గర లేకపోతే 15 రోజుల్లోగా చూపించే వీలు కూడా అదే నియమంలో ఉంది. రోడ్డు మీద ఈ మాట చెబితే నవ్వి ఊరుకుంటారు, అది నాకూ తెలుసు. చలానాను కోర్టులో కాదనేటప్పుడు మాత్రం ఇదే పనికొస్తుంది.

తాళం లాక్కోవచ్చని చట్టంలో ఎక్కడా లేదు. బండిని ఆపి ఉంచే అధికారం 207వ సెక్షన్ ఇస్తుంది. అదీ లైసెన్సు లేకుండా నడిపితేనో, మైనరు నడిపితేనో, రిజిస్ట్రేషనే లేకపోతేనో, పర్మిట్ లేకుండా తిప్పితేనో. మీ విషయంలో ఇవేవీ లేవు.

ఇక డిక్కీ. మోటారు వాహనాల చట్టం చూసేది బండినీ దాని కాగితాలనూ. అందులో మీ అమ్మగారి చీరలు వెతికే సెక్షన్ లేదు. బ్యాగులు వెతకాలంటే అధికారం ఇంకో చట్టంలోంచి రావాలి. గంజాయి అనుమానమైతే ఎన్‌డీపీఎస్ చట్టం, మద్యమైతే ఎక్సైజ్ చట్టం, దర్యాప్తులో ఉన్న కేసైతే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 185. ఈ 185వ సెక్షన్ ప్రకారం వెతకబోయే అధికారి కారణాలు ముందే రాసిపెట్టాలి, తనిఖీని వీడియో తీయాలి, ఆ కాగితాల నకళ్లు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. ఇదంతా 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. మీ దగ్గర ఇందులో ఏదైనా జరిగిందా? మీరు రాసినదాన్ని బట్టి లేదు.

ఫోన్ సంగతి వేరే పోస్టులో రాస్తా, కోర్టు టైమైంది.

రిటైర్డ్‌హెడ్డు
లాయరు గారు సెక్షన్లు చెప్పారు, నేను డ్యూటీ చెబుతా. నా సర్వీసంతా ఈ రెండు జిల్లాల్లోనే గడిచింది.

రాత్రి చెకింగ్‌లో తాళం ఎందుకు తీస్తారంటే, ఆపినట్టే ఆపి ఎక్సలేటర్ తొక్కి పోయేవాళ్లు ఉంటారు. బారికేడ్ పక్కన నిలబడ్డ కుర్రాడి కాళ్ల మీద నుంచి పోయిన బళ్లు మా స్టాఫుకు తెలుసు. చట్టంలో లేదని నేనూ ఒప్పుకుంటా. కానీ మీరు ఆపగానే ఇంజన్ ఆపేసి, లోపల లైటు వేసి, తాళం తీసి డాష్‌బోర్డు మీద పెట్టండి. అప్పుడు ఎవడూ మీ కిటికీలో చెయ్యి పెట్టడు. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదబ్బాయ్.

డిక్కీ విషయం. ఏజెన్సీ నుంచి గంజాయి దిగే దారి పదహారో నంబరు హైవే. విజయవాడ దాకా వచ్చి ఇటు హైదరాబాద్‌కీ అటు మద్రాసుకీ చీలిపోతుంది. తెచ్చేవాడు మీసాలు మెలేసి రాడు. భార్యని, పిల్లల్ని, ముసలమ్మని ముందు కూర్చోబెట్టుకునే వస్తాడు. అందుకే ఫ్యామిలీ కారని వదలరు. మీకు కోపం వచ్చిందంటే అర్థం చేసుకుంటా, డ్యూటీలో ఉన్నవాడి ఇబ్బంది కూడా చూడండి.

ఫోన్ అడగటం మాత్రం తప్పే. మా రోజుల్లో ఆ గొడవే లేదు.

డాలస్‌గుంటూరోడు
ఇక్కడ అమెరికాలో అయితే మేం "నేను తనిఖీకి ఒప్పుకోను" అని ఒక్క మాట చెబుతాం, అంతే. నాలుగో రాజ్యాంగ సవరణ. పోలీసుకి బలమైన కారణమో, వారెంటో, మన ఒప్పుకోలో లేకపోతే బండి ముట్టుకోకూడదు. మాట్లాడకుండా ఉండే హక్కు వేరే. మన దగ్గర జనానికి హక్కులు తెలియకే ఈ పరిస్థితి. బుల్లెట్ బ్రో, నెక్స్ట్ టైం గట్టిగా నో చెప్పు.

పటమటలాయర్
డాలస్ గారూ, ఆ వీడియోలు ఇక్కడి పిల్లలు కూడా చూస్తున్నారు. చూసి హైవే మీద ప్రయోగం చేసి మా దగ్గరకొస్తున్నారు. కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

మీ దేశంలో కూడా అంత సులువు కాదు. బండి కదిలిపోయే వస్తువు కాబట్టి, బలమైన కారణం ఉంటే వారెంట్ లేకుండానే వెతకొచ్చని మీ సుప్రీంకోర్టు 1925లోనే చెప్పింది, కారోల్ కేసులో. డ్రైవర్‌ని కిందకి దిగమనే అధికారం 1977 నుంచి ఉంది. "మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు" అని పోలీసు మీకు చెప్పాల్సిన పని లేదని 1973లో తేల్చారు. అన్నింటికంటే పెద్దది మీ టెక్సాస్‌దే. సీటు బెల్టు పెట్టుకోలేదని ఒక తల్లిని పిల్లల ముందు అరెస్టు చేస్తే, అది రాజ్యాంగ విరుద్ధం కాదని 2001లో మీ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇక్కడ సీటు బెల్టుకి 194బీ కింద వెయ్యి రూపాయల జరిమానాయే, అరెస్టు మాటే లేదు. అక్కడి హక్కులు అన్నీ మెరుగు, ఇక్కడివన్నీ సున్నా అనుకోవద్దు.

అసలు తేడా ఇంకోచోట ఉంది. అక్కడ అక్రమంగా వెతికి పట్టుకున్న వస్తువుని సాక్ష్యంగా వాడనివ్వరు. అందుకే "ఒప్పుకోను" అన్న మాటకి అక్కడ అంత విలువ. మన దగ్గర సుప్రీంకోర్టు పూరన్‌మల్ తీర్పు దగ్గర్నుంచి లైన్ వేరు. తనిఖీలో లోపం ఉన్నా దొరికిన సరుకు సాక్ష్యంగా చెల్లొచ్చు, విషయానికి సంబంధించినదైతే చాలు. కాబట్టి రోడ్డు మీద "నో" చెప్పి కేసు గెలిచేస్తాననుకోవడం ఇక్కడ కుదరదు.

దీనికి మినహాయింపు లాంటిది ఎన్‌డీపీఎస్. శిక్షలు పెద్దవి కాబట్టి పద్ధతి తప్పితే కేసే పడిపోతుంది. రోడ్డు మీద ఆగి ఉన్న సొంత బండిలో సరుకు దొరికిందని పెట్టిన కేసు ఒకటి హర్యానా నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సొంత బండి ప్రజా రవాణా వాహనం కాదు, 42వ సెక్షన్ ప్రకారం సమాచారం ముందుగా రాసిపెట్టి పై అధికారికి పంపాలి, అది చేయలేదు కాబట్టి కేసు నిలవదని 2021లో బూటాసింగ్ కేసులో నిందితులను నిర్దోషులుగా వదిలేశారు. అంటే ఆ కాగితం ఉందా లేదా అన్నదాని మీదే మొత్తం నడిచింది.

అందుకే నేను క్లయింట్లకి చెప్పేది ఒక్కటే. అక్కడ గెలవడానికి చూడకండి, అక్కడ జరిగింది రికార్డులోకి ఎక్కేలా చూడండి. "సార్, ఏ సెక్షన్ కింద చూస్తున్నారు? మీ పేరు చెప్పండి. చూసినట్టు రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. తెరవమంటే "నా ఇష్టంతో తెరవట్లేదు, మీరు చెప్పారు కాబట్టి తెరుస్తున్నా" అని వినిపించేలా చెప్పి తెరవండి. అడ్డం పడకండి. పోలీసు చట్టబద్ధంగా చెప్పిన మాట వినకపోతే ఆపి ఉంచే అధికారం బీఎన్‌ఎస్‌ఎస్ 172 ఇచ్చింది. విధులకు ఆటంకం కింద కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ 221 పెడతారు. చెయ్యి తగిలిందంటే 132, అది ఇంకా పెద్దది.

కొత్తలైసెన్స్
"నా ఇష్టంతో తెరవట్లేదు" అని కెమెరా ముందు చెప్తే నన్ను నా ఇష్టంతో వదుల్తారా సార్ 😄

రిటైర్డ్‌హెడ్డు
ఎలా చెప్పావన్నదాని మీద ఉంటుంది. చేతులు కట్టుకుని చెబితే ఒకలా వినపడుతుంది, ఫోన్ మొహం మీద పెట్టి చెబితే ఇంకోలా. లాయరు గారితో ఒక్కచోట నాకు పేచీ ఉంది. డిక్కీ తీయమంటే సెక్షన్ అడిగినవాడిని మేం అనుమానించకుండా ఎలా ఉంటాం? లోపల ఏమీ లేనివాడు రెండు సెకన్లలో తీసేసి వెళ్లిపోతాడు.

పటమటలాయర్
హెడ్డు గారూ, అక్కడే అసలు పేచీ. అడగటమే అనుమానానికి కారణమైతే హక్కు అన్నమాటకి అర్థం ఏముంది? అనుమానానికి కారణం మనిషి అడిగిన ప్రశ్నలోంచి కాదు, ముందే మీ దగ్గరున్న సమాచారంలోంచి రావాలి. వాసన, సమాచారం, నంబరు ప్లేటు మార్చడం, పొంతన లేని జవాబులు, ఇవీ కారణాలంటే.

రిటైర్డ్‌హెడ్డు
కోర్టులో మీరు చెప్పిందే నిలబడుతుంది. రాత్రి రెండింటికి రోడ్డు మీద అలా ఆలోచించే ఓపిక ఎవడికుంటుందండీ.

శ్రావణి_గుంటూరు
అన్నలూ, లేడీస్ సంగతి కూడా చెప్పండి. నేను హాస్పిటల్‌లో నైట్ షిఫ్ట్ చేసి స్కూటీ మీద వస్తా. ఆపడం వరకు ఓకే. ఒకసారి హ్యాండ్‌బ్యాగ్ చూపించమన్నారు, అక్కడ లేడీ కానిస్టేబుల్ ఎవరూ లేరు. నాకు భయం కంటే చిరాకు ఎక్కువ వేసింది.

పటమటలాయర్
శ్రావణి గారూ, మహిళ ఒంటి మీద తనిఖీ చేయాలంటే మహిళే చేయాలి, అదీ మర్యాద తప్పకుండా. అరెస్టు చేసిన మనిషిని వెతికే బీఎన్‌ఎస్‌ఎస్ 49లోనూ, తనిఖీల గురించి చెప్పే 103లోనూ ఇదే ఉంది. ఎన్‌డీపీఎస్‌లో కూడా అంతే. భుజానికి ఉన్న బ్యాగు విషయంలో కూడా "మహిళా సిబ్బందిని పిలిపించండి, ఉంటాను" అని చెప్పండి. వెళ్లిపోతానని కాదు, ఉంటానని చెప్పడం ముఖ్యం. అక్కడ పరిస్థితి తేడాగా అనిపిస్తే 112కి కాల్ చేయండి, ఆ కాల్ కూడా రికార్డే. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి ఉంటే మేజిస్ట్రేటు అనుమతితో మహిళా అధికారి చేయాలి, అది బీఎన్‌ఎస్‌ఎస్ 43వ సెక్షన్.

ఇక ఫోన్, బుల్లెట్ గారి అసలు ప్రశ్న. ట్రాఫిక్ చెకింగ్‌లో ఫోన్ లోపల చూసే అధికారం ఏ సెక్షనూ ఇవ్వలేదు. డిజీలాకర్ చూపించడానికి తెరిచిన ఫోన్‌ని వాళ్ల చేతికి ఇవ్వకండి. మీ చేతిలోనే పట్టుకుని చూపించండి, క్యూఆర్ స్కాన్ చేసుకోమనండి. కేసు దర్యాప్తుకి ఫోన్ కావాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద రాతపూర్వకంగా అడగొచ్చు. స్వాధీనం చేసుకుంటే జాబితా, సంతకాలు, వీడియో ఉండాలి, అది 105. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో చెప్పారు. ఇక పాస్‌వర్డ్ చెప్పమని బలవంతం చేయొచ్చా అన్నదానిమీద, అది తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదనే రాజ్యాంగం 20(3) అధికరణాన్ని దెబ్బతీస్తుందా లేదా అన్నదానిమీద కోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. అది నిందితుడి గొడవ. కారు నడుపుతూ ఆగిన మనిషికి ఆ ప్రశ్నే రాకూడదు.

బెజవాడబుల్లెట్
అంటే నేను ఫోన్ ఇవ్వకపోవడం కరెక్టే. మా బావమరిదికి ఈ లింకు పంపిస్తున్నా, వారెంట్ పురాణం ఆపుతాడేమో.

మిర్చియార్డ్
మా బాధ వేరండీ. ఎన్నికల కోడ్ వస్తే గుంటూరు యార్డుకి మిర్చి తోలిన రైతు డబ్బు పట్టుకుని ఊరికి పోవాలంటే టెన్షన్. నరసరావుపేట వైపు పోయే కార్లు, ఆటోలు వరసగా ఆపేస్తారు. 50 వేలు దాటితే పట్టేసుకుంటారని భయం. రైతు దగ్గర సరుకు అమ్మిన పట్టీ తప్ప ఏముంటుంది? పోయిన ఎన్నికల్లో మా వైపు ఒకాయన డబ్బు ఆగిపోయి కూలోళ్లకి ఇవ్వలేక నానా తంటాలు పడ్డాడు.

పటమటలాయర్
మిర్చియార్డ్ గారూ, 50 వేలు దాటితే నేరం అని ఎక్కడా లేదు. ఎన్నికల సంఘం పద్ధతి ప్రకారం అభ్యర్థి, ఏజెంటు, పార్టీ కార్యకర్త ఉన్న బండిలో 50 వేలకు మించి దొరికితేనో, పోస్టర్లూ మద్యం లాంటివి దొరికితేనో స్వాధీనం చేసుకోవాలి. 10 లక్షలు దాటి, నేరం అనుమానం లేకపోతే స్వాధీనం కాదు, ఆదాయపు పన్ను శాఖకి సమాచారం ఇవ్వాలి. ఆచరణలో కనపడిన నోట్లన్నీ ఆపేస్తున్నారు, అది నిజమే.

రైతు దగ్గర ఉండాల్సింది కమీషన్ వ్యాపారి ఇచ్చిన పట్టీ, యార్డు గేటు చీటీ, పట్టాదారు పాసుపుస్తకం ఫొటో, ఆధార్. బ్యాంకులోంచి తీస్తే ఆ స్లిప్. ఇవి చూపించినా ఆపేశారంటే స్వాధీనం రసీదు లేకుండా అక్కడి నుంచి కదలొద్దు. తనిఖీ మొత్తం వీడియో తీయాలి. డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఎవరికి అప్పీలు చేయాలో ఆ రసీదులోనే రాసి ఇవ్వాలి. జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది, కేసు పెట్టకపోతే ఆధారాలు చూసి వదిలేస్తారు. కేసు పెట్టనప్పుడు పోలింగ్ అయిన 7 రోజులకు మించి ఏదీ పెండింగ్‌లో ఉంచకూడదని కూడా ఉంది. ఆడవాళ్ల పర్సు మహిళా అధికారి లేకుండా చూడకూడదన్న మాట ఇందులోనూ ఉంది, శ్రావణి గారికి చెబుతున్నా.

మిర్చియార్డ్
పట్టీ మీద పేరు తప్పు రాస్తారండీ మా కొట్ల వాళ్లు, సగం మందికి ఇంటిపేరు ఒకటే. అక్కడే చిక్కు. ఈసారి ఆధార్‌లో ఉన్నట్టే రాయించుకోమని అందరికీ చెబుతా.

కొత్తలైసెన్స్
సీరియస్ డౌట్. బెంజి సర్కిల్ దగ్గర హెల్మెట్ లేకుండా వెళ్తే కెమెరా చలానా వచ్చింది. ఎవరూ ఆపలేదు. దీన్ని కాదనొచ్చా? ఇంకోటి, త్రిబుల్స్ వెళ్తే లైసెన్స్ పోతుందంటున్నారు, నిజమా?

రిటైర్డ్‌హెడ్డు
హెల్మెట్ పెట్టుకోకుండా వెళ్లి దాన్ని కాదనడానికి వచ్చావా. హైకోర్టు పోలీసులకి అక్షింతలు వేసిన దగ్గర్నుంచి ఇక్కడ హెల్మెట్ మీద వదలట్లేదు.

పటమటలాయర్
కెమెరా చలానాలకి 2021లో వచ్చిన 167ఏ నియమం ఉంది. ఆ ఫొటోలో తప్పు కనపడాలి, నంబరు ప్లేటు కనపడాలి, తేదీ, సమయం, స్థలం ఉండాలి. కెమెరాకి ధ్రువీకరణ ఉండాలి, దారిలో హెచ్చరిక బోర్డు ఉండాలి. నీ ఫొటో తెరిచి చూడు. వేరే బండి నంబరు తప్పుగా చదివిందంటే కాదను. నీ మొహమే ఉంటే కట్టేయ్. హెల్మెట్‌కి 194డీ, త్రిబుల్స్‌కి 194సీ. రెండింటికీ వెయ్యి చొప్పున, పైగా మూడు నెలలు లైసెన్స్ రద్దుకి అవకాశం. ఇలాంటి తప్పులకి 206(4) కింద లైసెన్స్ తీసుకుని రవాణా శాఖకి పంపొచ్చు. అలా తీసుకుంటే రసీదు ఇవ్వాలి, కానీ లైసెన్స్ తిరిగి చేతికొచ్చేదాకా ఆ రసీదుతో బండి నడపకూడదు. రసీదు లేకుండా లైసెన్స్ ఇచ్చి వచ్చావంటే అది వాళ్లే తీసుకున్నారని చూపించడానికి నీ దగ్గర ఏమీ ఉండదు.

నీలాంటి వాళ్లకి నచ్చేది ఒకటుంది. చట్టాన్ని అమలు చేసేవాళ్లే తప్పు చేస్తే జరిమానా రెట్టింపు. 210బీ.

కొత్తలైసెన్స్
హెల్మెట్ లేని కానిస్టేబుల్‌కి రెండు వేలా!! ఫ్రేమ్ కట్టించుకుంటా ఈ పోస్టు.

మోడరేటర్
కొత్తలైసెన్స్, కానిస్టేబుళ్ల ఫొటోలు తీసి ఇక్కడ పెట్టొద్దు. పెట్టినవి రెండు తీసేశాను. వాట్సాప్‌లో "మీ బండికి చలానా ఉంది" అని ఏపీకే ఫైలు పంపే మోసం ఈ మధ్య ఎక్కువైంది. ఎవరూ దాన్ని ఇన్‌స్టాల్ చేయకండి. పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోండి.

డాలస్‌గుంటూరోడు
టెక్సాస్ కేసు చూశాను, నిజమే. మరి అక్కడ మందు తాగి నడిపితే బ్రీత్ టెస్ట్ కాదనొచ్చా? మా కజిన్ ఊదనని కూర్చున్నాడట గుంటూరులో.

పటమటలాయర్
కూర్చోవచ్చు, లాభం లేదు. అనుమానానికి తగిన కారణం ఉంటే యూనిఫాంలో ఉన్న అధికారి ఊదమనొచ్చు, 203. ఊదకపోతే ఆ నిరాకరణనే కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు, 205. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185 కింద కేసు, మొదటిసారి 10 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీ కజిన్ అడగాల్సినవి వేరే ఉన్నాయి. కొత్త గొట్టం పెట్టమనాలి. రీడింగ్ ప్రింట్ తీసుకోవాలి. అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలేయాలి. ఇది 202లోనే రాసి ఉంది, ఎవరూ అడగరు.

డబ్బు అడిగితే ఏసీబీ 1064. సంఘటన మీద ఫిర్యాదు చేయాలనుకుంటే సోమవారం ఎస్పీ లేదా కమిషనర్ ఆఫీసులో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. లాయరుకి డబ్బు లేనివాళ్లు న్యాయ సేవాధికార సంస్థకి, 15100కి ఫోన్ చేయొచ్చు.

ఆటోనగర్‌లారీ
ఇక్కడ రాస్తున్నవాళ్లంతా కార్లోళ్లు, బైకులోళ్లు. మా లారీ వాళ్ల గోడు ఎవరికీ పట్టదు. కారు ఆపితే పోలీసే. లారీ ఆపితే పోలీసు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్, జీఎస్టీ వాళ్లు. ఓవర్‌లోడు అంటే 20 వేలు, పైన టన్నుకి రెండు వేలు, ఆ సరుకు దింపించేది కూడా మేమే. ఇవన్నీ అలవాటైపోయాయి. ఇప్పుడొచ్చింది అసలు కష్టం.

నా బండి విశాఖ వైపు సరుకు దింపి ఖాళీగా వస్తుంటే దారిలో ఆపి వెతికారు. టూల్‌బాక్స్ వెనక గంజాయి పొట్లాలు దొరికాయట. డ్రైవరుని, క్లీనరుని తీసుకెళ్లారు. వాళ్లు మనవాళ్లు, ఎన్నాళ్లుగానో పనిచేస్తున్నారు, నాకేం తెలుసు వాళ్ల సంగతి? బండి స్టేషన్ దగ్గర ఎండకి ఎండుతోంది. ఫైనాన్స్ వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. కేసు తేలేదాకా బండి రాదని అక్కడ ఒకాయన చెప్పాడు. నిజమేనా?

రిటైర్డ్‌హెడ్డు
స్టేషన్ వెనక తుప్పు పట్టిన బళ్లు చూస్తుంటే మాకే బాధేసేది. టైర్లు, బ్యాటరీలు ముందు పోతాయి. త్వరగా కోర్టుకెళ్లబ్బాయ్.

పటమటలాయర్
ఆటోనగర్ గారూ, నిజం కాదు. బళ్లను స్టేషన్లలో ఏళ్ల తరబడి పెట్టి పాడు చేయొద్దని, తగిన హామీ తీసుకుని వదలాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్‌డీపీఎస్ కేసుల్లో మాత్రం బండి కూడా జప్తు కావొచ్చు కాబట్టి వదలకూడదని కొన్ని కోర్టులు పట్టుబట్టేవి. 2025 జనవరిలో అస్సాం నుంచి వెళ్లిన బిశ్వజిత్ డే కేసులో, మీలాగే అప్పు మీద కొన్న లారీ, అందులో ఎక్కినవాడి దగ్గర హెరాయిన్ దొరికింది. యజమానికి సంబంధం లేనప్పుడు విచారణ సాగుతుండగా బండి వదలడానికి ఎన్‌డీపీఎస్ చట్టం అడ్డు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు పట్టుకుని, బీఎన్‌ఎస్‌ఎస్ 497, 503 కింద ఎన్‌డీపీఎస్ కేసులు చూసే ప్రత్యేక కోర్టులో పిటిషన్ వేయించండి.

ఒక చిక్కు ఉంది, ముందే చెబుతున్నా. చివరికి బండి జప్తు కాకుండా ఉండాలంటే ఎన్‌డీపీఎస్ 60(3) కింద మీకు తెలియదని మాత్రమే కాదు, బండి నడిపినవాడికి కూడా తెలియదని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని మీరే నిరూపించాలి. డ్రైవరే పెట్టాడని తేలితే ఆ చివరి ఘట్టం కష్టమవుతుంది. అస్సాం కేసులో సరుకు ప్రయాణికుడిది, మీ కేసులో సిబ్బందిని పట్టుకున్నారు, ప్రాసిక్యూషన్ ఆ తేడా తప్పకుండా ఎత్తుతుంది. ఇప్పటి మధ్యంతర విడుదలకీ దానికీ కలపకండి. సరుకు తూకం ఎంత రాశారో ఎఫ్ఐఆర్‌లో చూడండి. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అప్పుడు మీ కుర్రాళ్ల బెయిల్ కూడా వేరే కథ.

ఇంకోటి, జీఎస్టీ వాళ్లు ఆపినప్పటి సంగతి. అరగంట దాటి ఆపితే ట్రాన్స్‌పోర్టర్ ఈ-వే బిల్లు పోర్టల్లో ఆ సంగతి చెబుతూ ఈడబ్ల్యూబీ-04 ఫారం పెట్టొచ్చు. దాన్ని వాడేవాళ్లు ఆటోనగర్ మొత్తంలో చాలా తక్కువ.

ఆటోనగర్‌లారీ
నాకు ఈ ఫారం పేరు కూడా తెలియదు. థాంక్సండీ. బండికి జీపీఎస్ ఉంది. దారిలో ఎక్కడ ఎంతసేపు ఆగిందో అంతా చూపిస్తుంది. అనకాపల్లి దాటాక ఒక దాబా దగ్గర చాలాసేపు ఆగినట్టు ఉంది. నాకు ఆ రోజు టైరు పంచరని చెప్పాడు. ఇది కోర్టులో పెడితే నాకు మేలా, కీడా?

పటమటలాయర్
మీ డ్రైవరుకి కీడు కావొచ్చు, మీకు మేలు. మీరు బండి మీద నిఘా పెట్టారని, అతను మీకు అబద్ధం చెప్పాడని చూపిస్తుంది. జాగ్రత్త తీసుకున్నామనడానికి అదొక ఆధారం. అతనికీ మీకూ ఒకే లాయరు వద్దు, మీ ఇద్దరి దారులు వేరవుతాయి. జీపీఎస్ కంపెనీలు పాత డేటా చెరిపేస్తుంటాయి. ఈ రోజే మొత్తం దింపించుకుని, సాక్ష్య అధినియమం 63(4) కింద సర్టిఫికెట్ వాళ్ల సంతకంతో తీసుకోండి. స్క్రీన్ ఫొటో తీసి తెస్తే పనికిరాదు. పంచరు వేయించానని బిల్లు ఇచ్చి ఉంటే అదీ తీసిపెట్టండి.